కాపరికి చివరగా అందే మాట

పాలకొల్లు దగ్గర ఒక సంఘానికి మూడేళ్ల కిందట కాపరిగా, అంటే పాస్టరుగా వచ్చిన యువ సహోదరుడి ప్రశ్న ఇది. పాటలు నడిపించే కుర్రవాడు తరచూ ఆలస్యంగా వస్తుంటే ఆరాధన అయ్యాక అందరి ముందూ మందలించారు. ఆ కుర్రవాడు మందిరానికి రావడం మానేశాడు. అదే నెలలో సంఘ పెద్ద ఒకాయన ఇంటికి వచ్చి, ప్రసంగం గంట దాటిపోతోందనీ, మందిరం పైకప్పు కోసం వచ్చిన కానుకల లెక్క కొందరు అడుగుతున్నారనీ చెప్పారు. ఈయన నొచ్చుకుని రెండు వారాలు ఆయనతో ముభావంగా ఉన్నారు. "ఒకరికి చెప్పడం ఎలా, ఒకరు చెబితే వినడం ఎలా? రెండూ నాకు చేతకాలేదు" అని అడిగారు.

సహోదరా, మీరు చెప్పడం గురించి ముందు అడిగారు. నేను వినడం నుంచి మొదలుపెడతాను. కోనసీమలో ఇరవై ఎనిమిదేళ్లు ఒకే సంఘాన్ని కాసిన అనుభవంతో రాస్తున్నాను. మీరు ఎవరినైనా మందలించేటప్పుడు ఆ మాట ఎంత బాగా చెప్పారన్నది ఎవరికీ గుర్తుండదు. మీకు ఎవరైనా ఒక మాట చెబితే ఆ మనిషికి ఏమైందో మాత్రం అందరికీ గుర్తుంటుంది. ఆ పెద్దాయనతో మీరు ముభావంగా ఉన్న సంగతి ఈపాటికి మీ సంఘంలో ప్రతి ఇంటికీ తెలిసి ఉంటుంది. ఇక మీకు ఏదైనా చెప్పాలనుకున్నవాళ్లు ఆయన గతి చూసి ఊరుకుంటారు. మీ ఎదుట ఊరుకుంటారు, అంతే. మాట ఆగదు.

మన డెల్టాలో పుట్టినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు కాలువలు, పిల్ల కాలువలు అన్నీ తిరిగి అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు శివారు పొలాలకు చేరేసరికి ఎన్ని రోజులవుతుందో, ఎంత నీరు మిగులుతుందో శివారు రైతుకు తెలుసు. కాపరి గురించి సంఘంలో పుట్టిన మాటకు కాపరే శివారు. రేవు దగ్గర అనుకుంటారు, బస్సు కోసం నిలబడి అనుకుంటారు, స్త్రీల ప్రార్థన అయ్యాక చెప్పులు వేసుకుంటూ అనుకుంటారు. అందరి చేతులూ మారి, పూడికంతా కలిసి, చివరన మన దగ్గరకు వస్తుంది. అప్పుడు దానిలో మొదటి మాట ఎంత, మధ్యలో కలిసింది ఎంత అని తేల్చలేక బాధపడతాం. ఆ పెద్దాయన ఏం చేశారో చూడండి. మధ్యలో ఎవరి చేతిలోనూ పెట్టకుండా మాటను నేరుగా మీ గుమ్మంలోకి తెచ్చారు. మీ సంఘంలో మీకు అంతటి మేలు చేసినవారు ఇంకెవరైనా ఉన్నారా?

నాకు ఇలాంటి మేలు జరిగింది నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు మీద. పదిహేనేళ్లు దాటింది. మా సంఘ పెద్దల్లో ఒకాయన వయసులో ఉన్నన్నాళ్లూ కొబ్బరి దింపు తీసి బతికిన మనిషి. పెద్దగా చదువుకోలేదు. నరసాపురంలో పని చూసుకుని తిరిగి వస్తూ ఇద్దరం ఒకే పంటు ఎక్కాం. సైకిల్ హ్యాండిల్ ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి కమ్మీ మీద వేసి, నా ముఖం వైపు చూడకుండా నీళ్ల వైపు చూస్తూ అన్నారు: "అయ్యగారూ, మొన్న ఆదివారం ఆ అబ్బాయి పేరొక్కటే చెప్పలేదు మీరు."

ఆ ఆదివారం నేను ఐతుకు గురించి మాట్లాడాను. పౌలు ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడిపోయిన యవ్వనస్థుడు. అక్కడి నుంచి, రాత్రంతా ఎక్కడెక్కడో తిరిగి దేవుని సన్నిధిలో కునుకు తీసే యవ్వనస్థుల మీదికి వెళ్లాను. మా మందిరంలో అలా కునుకు తీసేవాడు ఒక్కడే. అందరి తలలూ అటు తిరిగాయి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా పంటు మీద నేను వెంటనే అన్న మాట, "నేను వాక్యం చెప్పాను పెద్దాయనా, ఎవరినీ ఉద్దేశించి చెప్పలేదు" అని. ఆయన వాదించలేదు. కాసేపాగి, "వాళ్ల అమ్మ ముసుగు ముఖం మీదికి లాక్కుంది" అన్నారు. ఇంకాసేపాగి, "ఆ అబ్బాయి రాత్రిళ్లు ఎక్కడ ఉంటున్నాడో అడిగారా?" అన్నారు. ఈలోగా అవతలి రేవు దగ్గరపడింది. ఆయన సైకిల్ దించుకుని వెళ్లిపోయారు.

నేను అడగలేదు. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి అడిగితే తెలిసింది, వాడు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలాకు ఒప్పుకున్నాడని. తండ్రి ఆసుపత్రి అప్పు తీర్చడానికి. రొయ్యల చెరువులో నీటిలోని ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే నిమిషాల మీద జనరేటర్ వేయాలి, లేకపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. అందుకని వాడు రాత్రంతా కన్ను మూయకుండా కూర్చుని, ఆదివారం పొద్దున్నే అక్కడి నుంచే స్నానం చేసి మందిరానికి వస్తున్నాడు. ఇంటికి వెళ్లి పడుకోవచ్చు. పడుకోకుండా వస్తున్నాడు. సంగతి వినకముందే ప్రత్యుత్తరమిచ్చేవాడు మూఢుడని సామెతలు 18:13 మీద నేను అంతకుముందు ఎన్నోసార్లు ప్రసంగించాను.

తల్లినీ కొడుకునూ వాళ్లింట్లో క్షమాపణ అడిగాను. నా తప్పు అందరి ముందు జరిగింది కాబట్టి మరుసటి ఆదివారం అందరి ముందూ అడిగాను, వాడి ఇంటి సంగతులు బయటపెట్టకుండా. ఆ తర్వాత చాలాకాలం నన్ను వెంటాడింది ఇంకో విషయం. ఆ పెద్దాయన మాట చెప్పడానికి ఆదివారం నుంచి శనివారం దాకా ఆరు రోజులు చూశారు. నేను ఒంటరిగా దొరకాలి, నా చుట్టూ ఎవరూ ఉండకూడదు, నేను కోప్పడినా ఎవరూ చూడకూడదు. ఇన్ని కుదిరేసరికి నది మధ్యకు రావలసి వచ్చింది. నా దగ్గరకు దారి అంత ఇరుకుగా ఉందన్నమాట.

ఆ దారిని ఇరుకు చేసేవాటిలో మన సంఘాల్లో అన్నిటికంటే పెద్దది ఒక వాక్యాన్ని పట్టుకుని మనం కట్టుకున్న గోడ. "అభిషిక్తుని ముట్టకూడదు." కాపరిని ఎవరైనా ప్రశ్నిస్తే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అందుకుంటారు. మనమూ కాదనం. 105వ కీర్తన తీసి ఆ వచనానికి ముందూ వెనకా చదవండి. కొద్దిమందిగా దేశం నుంచి దేశానికి తిరుగుతున్న పితరులకు రాజులు హాని చేయకుండా దేవుడు కాపాడిన సందర్భం అది. కాపరి ప్రసంగం ఎక్కువసేపు సాగిందని చెప్పడం హాని ఎలా అవుతుంది? అభిషిక్తుని మీద చెయ్యి వేయనని పట్టుబట్టినవాడు దావీదు. ఆ దావీదే 1 సమూయేలు 24లో గుహలో నుంచి సౌలు వెనకే బయటకు వచ్చి, సాగిలపడి, "నా యేలినవాడా" అని పిలిచి, తనకు జరుగుతున్న అన్యాయమంతా రాజు ముఖాననే చెప్పాడు. చెయ్యి వేయకపోవడమూ, మాట చెప్పడమూ ఒకే మనిషి ఒకే పూట చేశాడు. ఇక దావీదు చేసిన పాపాన్ని అతని ముఖాననే గద్దించిన ప్రవక్త నాతాను సంగతి మీకు తెలియనిది కాదు. దావీదుకు బత్షెబ కన్న కుమారుల్లో ఒకడి పేరు నాతాను అని 1 దినవృత్తాంతములు 3:5లో ఉంది. ప్రవక్త పేరే పెట్టారని గ్రంథం చెప్పదు. కానీ తనను గద్దించినవాడి పేరు ఆ ఇంట్లో రోజూ పిలుపులో ఉందన్న ఊహ నాకు ఎంతో ఇష్టం.

గోడ తీసేశాక కూడా మాట దానంతట అది రాదు. మనవాళ్లకు అయ్యగారంటే గౌరవం, కొంత భయం. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి "వాక్యం ఎలా ఉందమ్మా?" అని అడిగితే "బాగుందయ్యగారూ, దేవుడు మిమ్మల్ని బాగా వాడుకున్నాడు" అంటారు. అది వందనం లాంటిది, జవాబు కాదు. నిజంగా తెలుసుకోవాలంటే చిన్న ప్రశ్న అడగాలి, అందులో తప్పు ఒకటి ఉందని మనమే ముందు ఒప్పుకోవాలి. "ఈ రోజు ఎక్కడో ఒకచోట మాట మీకు అందలేదు, ఎక్కడ?" అని అడిగితే చెబుతారు. నేను ఒకసారి ప్రసంగం ఎప్పుడు ముగిస్తే అందరికీ వీలుగా ఉంటుందని స్త్రీల సమాజంలో అడిగించాను. పక్క ఊరి నుంచి వచ్చే ఆరుగురు అక్కచెల్లెళ్లు ఒంటిగంట బస్సు తప్పితే మూడింటి దాకా ఎండలో నిలబడుతున్నారని అప్పుడు తెలిసింది. ఎన్నో ఏళ్లుగా నిలబడుతున్నారు. ఒక్కరూ చెప్పలేదు. మీ పెద్దాయన చెప్పిన "గంట దాటిపోతోంది" వెనక ఇలాంటిదేదో ఉండే ఉంటుంది. వెళ్లి అడగండి, ఎవరికి ఇబ్బంది అవుతోందని.

ఇంట్లో అమ్మగారి గురించి, అంటే మీ భార్య గురించి ఒక మాట. స్త్రీలు మనతో చెప్పనివి ఆమెతో చెబుతారు. ఆమె మనకు చెప్పినప్పుడు "ఎవరు అన్నారు?" అని ఆరా తీయడం మొదలుపెడితే ఆ దారీ మూసుకుపోతుంది. పైగా ఆమె సంఘానికీ మనకూ మధ్య నలిగిపోతుంది. ఎవరన్నారో అడగకండి. అది నిజమేనా అని మాత్రం మిమ్మల్ని మీరు అడగండి.

మాట వచ్చిన క్షణంలో ఏం చేయాలన్నది నేను చాలా కష్టపడి నేర్చుకున్నాను. ఆ పూట జవాబు చెప్పను. "మీరు చెప్పినది ఇది కదా" అని వాళ్ల మాటనే తిరిగి చెప్పి, సరిగా విన్నానో లేదో అడుగుతాను, కృతజ్ఞత చెప్పి ఒక రోజు వ్యవధి తీసుకుంటాను. ఎందుకంటే మొదటి గంటలో నాలో నుంచి వచ్చేది నన్ను నేను కాపాడుకునే మాటే. మరునాడు తప్పకుండా నేనే వెళ్లి జవాబు చెబుతాను. వెళ్లకపోతే ఆ వ్యవధికి అర్థం లేదు, వాళ్లు మళ్లీ రారు. ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చినా ఇదే పద్ధతి. చేతిరాత ఎవరిదని వెతకను. ఒకసారి చదివి, అందులో సరిచూడగలిగిన సంగతి ఉంటే చూసి సరిచేస్తాను, మిగతాది చింపేస్తాను. వాట్సాప్ గ్రూపులో వచ్చినదానికి గ్రూపులో జవాబు రాయను, ఆ మనిషికి ఫోన్ చేస్తాను.

కానుకల లెక్క విషయం మాత్రం వేరు, దానికి ఒక రోజు కూడా ఆలోచించే పని లేదు. దయచేసి నొచ్చుకోకండి. లెక్క అడగడం అనుమానించడం కాదు. యెరూషలేము పరిశుద్ధుల కోసం కానుక పోగైనప్పుడు, దాని విషయంలో తనమీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నానని పౌలు కొరింథీయులకు రాశాడు (2 కొరింథీ 8:20, 21). తానొక్కడే తీసుకువెళ్లకుండా సంఘాలు ఎన్నుకున్న సహోదరులను వెంటబెట్టుకున్నాడు. పౌలుకు లేని నొప్పి మనకెందుకు? ఇంత వచ్చింది, సిమెంటుకూ ఇనుముకూ ఇంత అయింది, కూలి ఇంత, మిగిలినది ఇంత అని ఒక కాగితం మీద రాసి మందిరం గోడకు అంటించండి. రసీదుల కట్ట బల్ల మీద ఉంచండి. బ్యాంకు ఖాతాకు మీది కాక ఇంకో ఇద్దరి సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ మీ బంధువులు కాకూడదు. ఇక్కడ కన్నీళ్లూ, సేవలో పడిన కష్టాల సాక్ష్యమూ జవాబు కావు.

వచ్చిన ప్రతి మాటా నిజం కాదు. ద్వేషంతో వచ్చేవి ఉంటాయి. సొలొమోను కుమారుడు రెహబాము వృద్ధుల ఆలోచన తోసిపుచ్చి, తనతో పెరిగిన యవ్వనస్థుల మాట విని రాజ్యంలో ఎక్కువ భాగం పోగొట్టుకున్నాడు. ఏ మాట వినాలో తేల్చుకోవడానికి మనకంటే పెద్దవారు ఒకరిద్దరు కావాలి. 1836లో వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్‌ల నాటి నుంచి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో పెరిగిన బ్రదరెన్ సంఘాల్లో ఒక్క కాపరి కాక పెద్దలు కలిసి బాధ్యత వహిస్తారు. లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో కమిటీ ఉంటుంది, పైన బిషప్పు ఉంటారు. ఆ ఏర్పాట్లలో ఉండే చిక్కులు నాకూ తెలుసు. అయినా అడిగేవాడంటూ ఒకడు ఉంటాడు. మీలాగా స్వతంత్ర సంఘాన్ని నడిపేవారికి ఆ పైవాడు ఉండడు, మనమే కోరి పెట్టుకోవాలి. పాస్టర్ల ఫెలోషిప్పులో మీ మీద ఏ విధంగానూ ఆధారపడని వృద్ధులు ఇద్దరిని ఎంచుకుని, నెలకొకసారి వెళ్లి మీ డబ్బు సంగతి, కోపం సంగతి, ఇంటి సంగతి అడగమని బతిమాలుకోండి.

ఇక ఆ కుర్రవాడి సంగతి. ముందు మీరు వాడింటికి వెళ్లాలి, ఆలస్యం గురించి కాదు. "అందరి ముందు అన్నాను, అది నా తప్పు" అని చెప్పడానికి. అక్కడితో ఆగిపోయి లేచి రండి. "కానీ నువ్వు కూడా..." అని ఒక్క ముక్క కలిపినా క్షమాపణ మొత్తం పోతుంది. ఆలస్యం సంగతి ఇంకో రోజు, ఇద్దరూ ఎక్కడైనా నడుస్తూనో, బండి మీద వెళుతూనో మాట్లాడుకోండి. ఎదురెదురుగా కుర్చీలు వేసుకుంటే విచారణలా ఉంటుంది. పక్కపక్కన ఉంటే కళ్లలోకి చూడనక్కరలేదు, మాట తేలికగా వస్తుంది. పంటు మీద ఆ పెద్దాయన నాకు నేర్పింది అది కూడా. ముందు అడగండి, ఆదివారం పొద్దున్న వాడింట్లో ఏం జరుగుతుందో. ఆ తర్వాత చూసిన సంగతి మాత్రం చెప్పండి: "నెలలో మూడు ఆదివారాలు ఆరాధన పది నిమిషాలు ఆలస్యంగా మొదలైంది, పిల్లలు వచ్చి కూర్చుని ఎదురుచూశారు." "నీకు బాధ్యత లేదు" అన్నారనుకోండి, ఆ మాటకు వాడు ఏం చేయగలడు? పది నిమిషాలైతే సరిచేసుకోగలడు.

అపొస్తలుల కార్యములు 18లో అపొల్లో సంగతి చూడండి. గొప్ప వక్త, కానీ యోహాను బాప్తిస్మము దాకానే తెలిసినవాడు. ప్రిస్కిల్ల, అకుల అతని ప్రసంగం సమాజమందిరంలో విన్నారు, లోపం కనిపెట్టారు. అక్కడ లేచి సవరించలేదు. తెలుగు బైబిలులో అక్కడున్న మాట "చేర్చుకొని". అతనిని చేర్చుకుని, ఆ మీదట విశదపరిచారు. నేను ఒక కుర్రవాడి ప్రసంగంలో తప్పు చెప్పాలనుకున్నప్పుడల్లా మా ఇంట్లో భోజనానికి పిలుస్తాను, ఆ ఒక్క మాట వల్లనే.

మెచ్చుకోలు విషయంలో మనకో అలవాటు ఉంది. పది నిమిషాలు పొగిడి, "అయితే ఒక చిన్న మాట" అంటాం. వినేవాడికి ఆ పొగడ్త ఒక్కటీ ఎక్కదు, ఆ "అయితే" ఎప్పుడు వస్తుందా అని చూస్తుంటాడు. మెచ్చుకోవలసినవి ఏమీ సరిచేయనక్కరలేని రోజునే మెచ్చుకోండి. ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘానికి ప్రభువు ముందు దాని కష్టాన్నీ సహనాన్నీ చెప్పి తర్వాతే తప్పు మోపాడు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ అక్కడ చెప్పిన ప్రతి మంచీ ఆ సంఘంలో ఉన్న మంచే, పేరుపేరునా చెప్పాడు. లవొదికయకు అలా చెప్పడానికి ఏమీ లేకపోతే చెప్పలేదు.

ఇంకో రెండు పనులు మాత్రం చేయకండి. ప్రార్థనలో మందలించకండి. "ప్రభువా, ఈ బిడ్డకు సమయపాలన నేర్పించు" అని వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తే వాడు ఆమేన్ అనాలా, జవాబు చెప్పుకోవాలా? మీ అభిప్రాయాన్ని "దేవుడు నాతో చెప్పాడు" అని చెప్పకండి. అలా అన్నాక ఎదుటివాడికి మాట్లాడే చోటు ఉండదు, మీరు పొరపడ్డారని చెప్పాలంటే దేవుణ్ణి కాదనాలి. వయసులో పెద్దవారైతే తండ్రిగా భావించి హెచ్చరించమని తిమోతికి పౌలు రాశాడు. ఇంటికి వెళ్లి, వాళ్లు కూర్చోమన్నాక కూర్చుని, "ఒక మాట చెప్పవచ్చా?" అని అడగండి.

పేతురును పౌలు అందరి ఎదుటా నిలదీశాడు కదా అన్న ప్రశ్న ప్రతి సభలోనూ వస్తుంది. అంతియొకయలో పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోజనం చేయడం మానుకున్నాడు; ఆ పని అందరి ఎదుటా జరిగింది, బర్నబాను కూడా లాక్కుపోయింది, సువార్తకే దెబ్బ తగిలింది. మీ కుర్రవాడి పది నిమిషాల ఆలస్యం అలాంటిది కాదు. అదే పేతురు తర్వాత తన పత్రికలో పౌలును ప్రియ సహోదరుడని రాశాడు. నేను ఆ మాట దగ్గర ఎన్నోసార్లు ఆగాను.

ఏకాంతంగా మాట్లాడి ముగించకూడనివీ ఉన్నాయి. బిడ్డల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే, తప్పు చేసినవాడితో ముందు ఏకాంతంగా మాట్లాడమన్న మత్తయి 18 చెప్పి, "మనలో మనం" సర్దుకుందామనడం ఘోరమైన పాపం, నేరం కూడా. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. అక్కడ కాపరి కాపాడవలసింది బిడ్డనే, సంఘం పేరును కాదు.

ఈ వారం మొదట ఆ పెద్దాయన ఇంటికి వెళ్లండి. రసీదుల కట్ట వెంట తీసుకువెళ్లండి. ఆయన టీ ఇస్తే తాగండి. ముభావంగా ఉన్నందుకు క్షమించమని అడగండి, అడిగాక ఆయన ఏం చెప్పినా ఆ పూట జవాబు చెప్పకండి. బయలుదేరే ముందు ఆయన్నే అడగండి, ఆ కుర్రవాడు ఏ వేళప్పుడు ఇంట్లో ఉంటాడని. మీకు తెలియకపోయినా ఆయనకు తెలిసే ఉంటుంది.